అంచున్న దోమతెర

"నీ కొడుకు మంచం పడితె మగ్గం ఎవరు నేస్తరు జములమ్మా, దోమలు నేస్తయా?"

ఈ మాట అడిగింది షావుకారు జంగయ్య. 2006 వానాకాలం, గద్వాలలో నేతవాళ్ల వీధి, జములమ్మ ఇంటి గడప. లోపల ఆమె కొడుకు ఈరన్న రెండు బొంతల కింద వణుకుతున్నాడు. మగ్గం మీద పెళ్లి చీర కొంగు దాకా రాకుండా ఆగిపోయింది. ఆ పట్టు జంగయ్యది, జరీ జంగయ్యది, మగ్గం పెట్టించిన డబ్బూ జంగయ్యదే. జములమ్మ కుటుంబం సొంతమని చెప్పుకోదగ్గవి మగ్గం కింది గుంట, ఆ గుంటలో ఆడే ఈరన్న కాళ్లు. ఇప్పుడు ఆ కాళ్లు కూడా ఆడడం మానేశాయి.

షావుకారు అనగానే మీసం మెలేసే దుర్మార్గుణ్ని తెచ్చి నిలబెట్టడం మనకు అలవాటు. జంగయ్యకు మీసమే లేదు. పెళ్లిళ్లకు చీరలు అందిస్తానని హైదరాబాదు దుకాణాలకు మాటిచ్చి, ఆ మాట తప్పితే తిట్లు తినే మనిషి. అందుకే సాగదీయకుండా చెప్పేశాడు. ఈరన్నకు చలిజ్వరం రావడం ఇది వరసగా రెండో ఏడు. వచ్చే శ్రావణానికి మంచి గిరాకీ ఉంది. ఈలోపల మళ్లీ జ్వరమొచ్చి చీర ఆగిందంటే, మగ్గం విప్పించి వెనక వీధిలో వేరేవాళ్లకు పెట్టిస్తాడు. ఈ మాట చెప్పి, గడప మీద పెట్టిన చాయ్ తాగి, వెళ్లిపోయాడు.

ఆయన అడిగినదాంట్లో సగం న్యాయం ఉందని జములమ్మకు తోచింది. మగ్గాన్ని నేసేది దోమలు కాకపోయినా, ఆపుతున్నది మాత్రం దోమలే.

చేనేత మీద రాసేవాళ్లు కన్నీళ్లతో మొదలుపెట్టి దండంతో ముగిస్తారు. జములమ్మ దగ్గర ఈ రెండూ దొరకవు. ఆమె పుట్టింది రాజోలిలో, తుంగభద్ర ఒడ్డున, మగ్గాల ఇంట్లోనే. గద్వాలకు కోడలై వచ్చాక మోకాళ్లు మొండికేసేదాకా గుంటలో కూర్చుని చీరలు నేసింది. తర్వాత రాట్నం ముందు చేరి కండెలు చుడుతోంది. మగడు పోయాడు. కొడుకు, కోడలు ఉమ కలిసి మగ్గం ఆడిస్తారు. గద్వాల చీరకు ఒడలు నూలు, అంచు పట్టు. ఆ రెండింటినీ నేతలోనే పోగు పోగుకూ ముడేసి కలపాలి. దీన్ని కుట్టు అంటారు. దానికి ఇద్దరు మనుషులు ఉండాల్సిందే. ఒకరు పడుకుంటే ఇద్దరి కూలీ పోతుంది.

జములమ్మ గురించి వీధిలో చెప్పుకునే గొప్ప ఒకటుంది. ఏ గుడ్డనైనా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక్కసారి నలిపి, నేత ఒత్తుగా పడిందో పలచగా పడిందో చెప్పేస్తుంది. ఈ గొప్పే ఆమెను ముందు ముంచింది.

దోమలను ఆ ఇంట్లో పుట్టకుండా చేయడం కుదరదు. మలేరియా శాఖ మనిషి వచ్చి ఈరన్న వేలు పొడిచి నెత్తురు తీసుకున్నాడు, మాత్రలిచ్చాడు, ఇంట్లో తడి ఉండనీయొద్దని చెప్పాడు. మంచి మనిషే. కానీ మగ్గం ఇంట్లో తడి లేకపోతే నూలు పటుక్కున తెగుతుంది. నేల మీద నీళ్లు చల్లి, గుంటలో చెమ్మ నిలిపి, ఆ చల్లదనంలోనే నేత నేస్తారు. ఆ చెమ్మలో పగలంతా దోమలు హాయిగా ఉండి, పొద్దుగూకగానే పైకి లేస్తాయి.

పొగ పెడదామంటే అదీ కుదరలేదు. అంతకు ముందు ఏడు ఉమ వేపాకు పొగ వేసింది, దోమల చుట్టలూ వెలిగించింది. పట్టు పొగ వాసనను పీల్చుకుంది. హైదరాబాదు నుంచి చీర వెనక్కొచ్చింది. పెళ్లికూతురు మడత విప్పగానే వంటింటి వాసన కొట్టిందట. జంగయ్య ఆ చీర కూలీలో కోత పెట్టాడు. కరెంటుతో నడిచే దోమల మందు సంగతి చెప్పనక్కర్లేదు. ఆ రోజుల్లో గద్వాలలో దోమలు వచ్చే వేళకు కరెంటు పోయేది.

ఇక మిగిలింది దోమతెర. ఊళ్లో దాన్ని మచ్చర్‌దాని అనేవాళ్లు. అది ఆఫీసర్ల ఇళ్లలో ఉంటుంది, దవాఖానలో ఉంటుంది, మనకెందుకని వీధి అభిప్రాయం. ఎదురింటి బాలనాగమ్మ ఇంకో అడుగు ముందుకేసి, తెల్లగుడ్డ కింద పండుకునేది శవమేనని, బతికున్న మనిషిని అట్లా పండబెడితే అమ్మవారికి కోపమొస్తుందని చెప్పింది. జములమ్మది ఆ ఊరి అమ్మవారి పేరే. తన పేరున్న దేవత తన కొడుకు మీద అంత చిన్న విషయానికి కోపం తెచ్చుకుంటుందని ఆమె నమ్మలేదు. చలిజ్వరమే అమ్మవారి కోపమైతే మాత్రలకు ఎందుకు దిగిందని అడిగింది. బాలనాగమ్మ చీపురు తీసుకుని వాకిలి ఊడ్చుకుంది.

ఈరన్న లేచి తిరగడం మొదలుపెట్టగానే జములమ్మ కండెల కూలీ చీర కొంగున కట్టుకుని బజారుకు వెళ్లింది. దుకాణదారు మూడు రకాల దోమతెరలు ముందేశాడు. ఆమె ఒక్కోదాన్నీ వేళ్ల మధ్య నలిపింది. ఒకటి పలచన, చేపల వలలా ఉందని తోసేసింది. రెండోది జారుతోందని తోసేసింది. మూడోది నూలుది. ఒత్తు నేత, బరువు, అన్నిటికన్నా ఎక్కువ ధర. పోగులు సరిగ్గా పడ్డాయి, ఎక్కడా లోపం లేదు. చెయ్యి తిరిగినవాడు నేసిన గుడ్డ. నలభై ఏళ్లుగా ఏ గుడ్డను మంచిదని మెచ్చుకుందో సరిగ్గా అలాంటి గుడ్డ. బేరమాడి దాన్నే కొన్నది. దుకాణదారు సంతోషంగా కట్టిచ్చాడు. తర్వాత తెలిసిందేమంటే, ఆ నూలు తెర ఎవరూ కొనక చాలా కాలంగా అతని దుకాణంలోనే పడి ఉంది.

ఆశ్వయుజం ఉక్క ఎలా ఉంటుందో పాలమూరు జిల్లా వాళ్లకు చెప్పనక్కర్లేదు. ఈరన్న ఆ తెర కింద పడుకుని, కాసేపటికే బయటికొచ్చి వసారాలో చాప వేసుకున్నాడు. మరునాడు నిద్ర చాలక మగ్గం మీద తూగాడు. కుట్టు ఒకచోట తప్పింది. జములమ్మ కొడుకునే తిట్టింది. ఇంత మంచి గుడ్డ తెచ్చిపెడితే కింద పడుకోవడం చేతకాదా అన్నది. ఈరన్న అడగలేక అడిగాడు, ఒక్క రాత్రి నువ్వు పండుకొని చూడమ్మా అని.

పడుకుంది. తెల్లవారేదాకా ఉండి తీరాలని పంతం పట్టింది కూడా. ఉడకబెట్టిన వేరుశెనక్కాయలా తడిసి బయటికొచ్చింది. ఆ పొద్దున ముఖం కడుక్కుని, తెర తీసి ఒళ్లో వేసుకుని, గోడకానుకుని కూర్చుంది. ఉమ చాయ్ తెచ్చిచ్చింది.

"తప్పు నాదేనే ఉమా. నేను చీరను చూసినట్టు చూసి కొన్న. గుడ్డకైతె దారం కొంటం. దీనికి సందు కొనాలె."

జములమ్మ తప్పొప్పుకోవడం అత్తింటికి వచ్చాక ఉమ వినడం అదే మొదటిసారి. చాయ్‌లో చక్కెర సరిపోయిందా అని అడిగింది.

ఎంత సందు? ఇదే అసలు ప్రశ్న. గాలి దూరాలి, దోమ దూరకూడదు. ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉంది తనకు కావలసిన గుడ్డ. వేళ్లు చెప్పేది ఇక నమ్మదలచుకోలేదు. ఈ విషయంలో అవి అబద్ధం చెప్పాయి. ఇక ఊరంతా తిరిగి ముక్కలు పోగుచేసింది. టమాటాలు వచ్చే సంచి, పిల్లల గౌనుకు లోపల కుట్టే నెట్టు, దవాఖానలో పారేసిన పాత దోమతెర నుంచి చేతివెడల్పు ముక్క, కిటికీకి కొట్టే జాలీ. పట్టు రవికలు కుట్టే దర్జీ కూడా ఆమె అడిగినవి చూసి, ఈమెకు ఏమైందని ఉమను అడిగాడట.

తర్వాత ఉమకు పని పడింది. గుంటలోకి దిగి గ్లాసు, అట్టముక్కతో దోమల్ని పట్టడం. పట్టినవాటిని చెంబులోకి వదిలి, చెంబు మూతికి ఒక ముక్క కట్టి, అత్తాకోడళ్లు ఇద్దరూ దాని ముందు కూర్చునేవారు. బాలనాగమ్మ వచ్చి, దోమలను సాదుతున్రా, పాలు పోస్తున్రా అని అడిగింది. పాలు వద్దంటున్నయి, నీ నెత్తురే కావాల్నంటున్నయి అని జములమ్మ అంది. బాలనాగమ్మ అయినా పోలేదు, కూర్చుని చూసింది. టమాటా సంచి లోంచి దోమలు కట్టీకట్టకముందే బయటికొచ్చాయి. గౌను నెట్టు లోంచి చిన్న దోమలు ఒళ్లు వంచుకుని జారిపోయాయి. జాలీ ఆపింది గానీ, ఇనుము కప్పుకుని పడుకోలేరు. దవాఖాన ముక్క ఆపింది. నైలాన్‌ది, మొదటి రోజు చేపల వలలా ఉందని తోసేసిన రకమే.

గాలి సంగతి దీపంతో తేల్చింది. ముక్కను నోటి ముందు పట్టుకుని ఊదితే అటుపక్క దీపం ఊగాలి. నూలు తెరలోంచి ఎంత ఊదినా దీపం కదలలేదు. నైలాన్ ముక్కలోంచి ఊదితే ఆరిపోయింది.

ఇంకొక సంగతి దానంతటదే తెలిసింది. చెంబు మూతి మీద ఊరికే చెయ్యి ఆనించి మాట్లాడుతుంటే అరచెయ్యి దురదపెట్టింది. లోపలి దోమ గుడ్డలోంచే కుట్టింది. అంటే తెర మంచిదైతే చాలదు, ఒంటికి తగలకుండా దూరంగా ఉండాలి. బజారులో అమ్మే ఒక మనిషి తెరలో ఈరన్న మోచెయ్యి తెరకు తగలకుండా ఉండదు. పైగా ఉమ ఎక్కడ పడుకోవాలి? అందరికీ ఒకటే, గది లాంటి తెర కావాలి. అలాంటిది ఎవరూ అమ్మరు. గుడ్డ కొని కుట్టుకోవాలి.

నైలాన్ నెట్టు మీటర్ల లెక్కన రాయచూరులో దొరుకుతుందని దర్జీ చెప్పాడు. జములమ్మ బస్సెక్కింది. దవాఖాన ముక్క కొంగున ముడేసుకుంది. దుకాణంలోని కన్నడాయన ఎష్టు బేకమ్మా, ఎంత కావాలని అడుగుతూ తాన్లు పరిచాడు. ఆమె ఒక తాను కొస పట్టుకుని, ఆయన దేవుడి పటం ముందు వెలిగించుకున్న అగరొత్తి దగ్గరికి వెళ్లి, గుడ్డలోంచి పొగ మీదికి ఊదింది. ఆయన తాను తగలబెడుతుందేమోనని గల్లా దిగి వచ్చాడు. ఆమె మూడు తాన్లు ఊది, పొగ చెదిరిన తాను ఎంచుకుంది. సందులు తన ముక్కతో సరిపోల్చి చూసుకుంది. అడ్డుపోగులు ఒకచోట జరిగి ఉన్నాయని ధర కూడా తగ్గించింది. వేళ్లు ఆ పనికి ఇంకా బాగానే పనికొచ్చాయి.

కుట్టాక ఇంకో చిక్కు. మంచం పరుపూ ఉన్న ఇంట్లో తెరను పరుపు కిందికి దోపుతారు. చాప మీద పడుకునేవాళ్లు ఎక్కడ దోపాలి? నైలాన్ తేలిక. కొంచెం గాలికే లేచి దోమలకు దారిస్తుంది. ఇక్కడ జములమ్మ ఇరవై ఏళ్ల వయసు నుంచి చేస్తున్న పనే చేసింది. ఒడలు ఒక రకం, అంచు ఒక రకం. పారేయబుద్ధికాక అప్పటినుంచి దాచిన, అందరి చేతా తిట్లు తిన్న ఆ ఒత్తునేత నూలు తెరను జానెడు వెడల్పు పట్టీలుగా చింపి, నైలాన్‌కు చుట్టూ కింద అంచుగా కుట్టింది. రెండు మడతలు వేసి మధ్యలో, మగ్గం దగ్గర తెగిపడిన పడుగు పోగులు, ఆ నిలువు దారాలు, కూరింది. బరువుకు అది నేలను పట్టుకుని కదలకుండా కూర్చుంది. గాలికి పనికిరాని గుడ్డ నేలకు పనికొచ్చింది.

వేలాడదీయడానికి మేకు దిగని రాతి గోడలు. దానికి మాత్రం ఆమె ఆలోచించనే లేదు. పడుగు సాగదీయడానికి వీధిలో వాడే వెదురు కర్రలు, కత్తెరలా జంటగా కట్టినవి, అవే వసారాలో అటు జత ఇటు జత నిలబెట్టి, మధ్య తాడు లాగి, తెర వేలాడదీసింది. పడుగుకు ఎలా బిగువు ఇస్తారో తాడుకూ అలాగే ఇచ్చింది. పొద్దున్నే వీధిలో ఎవరో ఒకరు పడుగు సాగదీయడానికి ఆ కర్రల కోసం వచ్చేవాళ్లు. దాంతో తెల్లవారకముందే తెర దించి, మడిచి, పట్టు చీరను పెట్టినట్టు పెట్టెలో పెట్టేది.

మొదటివారం వీధి నవ్వింది. వేసవిలో మిద్దె మీదికి ఎక్కించినప్పుడు ఇంకా గట్టిగా నవ్వింది. నాటకాల కంపెనీ దిగిందని ఎవరో అన్నారు. కర్రల మధ్య ఆ తెల్లని గదిలో ముగ్గురు హాయిగా పడుకుంటుంటే, చుట్టూ మిద్దెల మీద జనం దుప్పట్లు తలమీదికి లాక్కుని, చెంపలు వాయించుకుంటూ నవ్వారు. చెంపలు వాయించుకుంటూ ఎంతకాలం నవ్వగలరు? ముందు బాలనాగమ్మ వచ్చింది. శవం మాట, అమ్మవారి మాట ఎత్తలేదు. అంచు ఎంత వెడల్పు పెట్టినవని మాత్రం అడిగింది.

2007 వానలు వచ్చాయి. ఆ వీధిలో ఆ ఏడు కూడా చలిజ్వరాలు వచ్చాయి. జములమ్మ ఇంటికి రాలేదు. తెర వల్లనే రాలేదా, ఇంకేదైనా కారణమా అని వాదించే ఓపిక ఉన్నవాళ్లు వాదించుకోవచ్చు. జములమ్మకు లెక్క ఒకటే. ఆషాఢం గడిచింది, మగ్గం ఆగలేదు. శ్రావణం వచ్చింది, ఆగలేదు. ఈరన్న, ఉమ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ చీర మీద చీర దించారు. రాత్రి నిద్ర పట్టిన చేతులు కాబట్టి కుట్టు ఎక్కడా తప్పలేదు.

ఆఖరి పెళ్లి చీర తీసుకోవడానికి జంగయ్య స్వయంగా వచ్చాడు. అలవాటు ప్రకారం చీరను వెలుగుకెత్తి, అంచు దగ్గర కళ్లు చికిలించి, కోత పెట్టడానికి ఏమైనా దొరుకుతుందేమోనని వెతికాడు. దొరకలేదు. చీర మడతపెట్టుకున్నాడు. అయినా గడప దిగలేదు. గోడవైపు చూస్తూ నిలబడ్డాడు. అక్కడ మడిచిన దోమతెర ఉంది.

"గసొంటిది మాకొకటి కుట్టిస్తవా జములమ్మా? మా మనవనికి జరమొచ్చింది. దవాఖాన్ల ఉన్నడు."

ఆ క్షణాన జములమ్మ ఏడాది కింద విన్న ప్రశ్నను తిరిగి వేసి ఉండాల్సిందని వీధి ఇప్పటికీ అంటుంది. మీ దుకాణం ఎవరు చూస్తున్నరు సావుకారీ, దోమలు చూస్తున్నయా అని. ఉమ లోపల నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఆ మాట కోసమే ఎదురుచూసిందట. జములమ్మ అనలేదు. జ్వరంతో ఉన్న పిల్లవాడి మీద మాట విసరడం ఆమెకు రాదు. పిల్లవాడికి ఎట్లుందని అడిగింది. దిగుతోందని చెప్పాడు. కూర్చోమంది. చాయ్ ఇప్పించింది. తర్వాత రాట్నం పక్కకు జరిపి, బేరానికి కూర్చుంది.

"ఎందరు పండుకుంటరు? మంచమా, చాపనా?"

మంచమే అన్నాడు.

"అయితె అంచు జర పొడుగు పెట్టాలె. బయానా ఎంత ఇస్తరు?"

జంగయ్య నవ్వబోయి ఆగాడు. ఆమె నవ్వడం లేదు. ఇన్నేళ్లలో ఆ గడప మీద బయానా అని ముందు పైసలు ఇచ్చింది ఆయనే, తీసుకున్నది వాళ్లే. దానికి లెక్క కట్టింది, కోత పెట్టింది కూడా ఆయనే. ఇప్పుడు ఇవతలి మనిషి బయానా అడుగుతోంది. ఇంత పాత పరిచయముండి బయానా ఏందని ఆయన అనబోయాడు.

"బయానా లేంది దారం ముట్టొద్దని మీరే నేర్పిన్రు గద సావుకారీ."

జేబులోంచి తీసి ఇచ్చాడు.

తెర తయారయ్యాక తీసుకోవడానికి మళ్లీ వచ్చాడు. పాత అలవాటు చావదు కదా, దాన్ని కూడా వెలుగుకెత్తి చూశాడు. అంచు ఒకచోట జర వంకరపోయిందన్నాడు. వంకరుంటే ఇక్కడనే ఇడిసిపోన్రి, బాలనాగమ్మ అడుగుతున్నది అని జములమ్మ అంది. ఆయన వెంటనే మడిచి చంకన పెట్టుకున్నాడు. మిగిలిన పైసలు ఈరన్న చీరల లెక్కలో కలిపేద్దామన్నాడు. అది పెద్ద ఉపకారంలా అన్నాడు కూడా.

"కలుపొద్దు. చీరలు ఈరన్నయి. మచ్చర్‌దాని నాది. దాని లెక్క దానిదే."

మగ్గం ఆ ఇంట్లోనే ఉంది. తర్వాతి ఏడు ఈరన్న మగ్గం మీది బయానా బాకీ తీర్చి, మగ్గాన్ని తన పేరు మీద చేసుకున్నాడు. జములమ్మ దగ్గర కుట్టించుకున్న తెరలు ఆ వీధిలో సగం ఇళ్లలో, మంచాల మీదా చాపల మీదా కనిపిస్తాయి. అన్నిటికీ కింద నూలు అంచు ఉంటుంది. బాలనాగమ్మ తన అంచుకు ఎర్ర పోగు కూడా వేయించుకుంది. శవానికి ఎర్ర పోగు వేయరని ఆమె వాదన.

డబ్బులు అందరూ ఇచ్చారు, ఒక్కరు తప్ప. షావుకారు జంగయ్య జములమ్మకు ఆ తెర లెక్కలో ఇంకా నూట అరవై రూపాయలు బాకీ.